పన్నెండు బొమ్మల్లో మన బళ్ళారి కొండలు

బళ్ళారిలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళను "మీ వైపు చూడదగ్గవి ఏమున్నాయండీ?" అని అడిగితే చాలామంది హంపీ పేరు చెప్పి ఊరుకుంటారు. ఆ హంపీ కూడా 2021లో కొత్తగా ఏర్పడిన విజయనగర జిల్లాలోకి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది ఎండా, ఎర్రదుమ్మూ అని నవ్వేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలూ పండుగ సెలవులూ కలుపుకుని, 1993 నుంచి ఈ ప్రాంతపు కొండలను, చేలను, వాగులను రంగుల ఫిల్ము మీద తీస్తూ వచ్చాను. ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. ఆ పని ఎలా చేస్తారో, ఎందుకు చేయాలో నాకు తెలిసినంతలో ఇక్కడ చెబుతాను. ఫొటోగ్రఫీతో పరిచయం లేనివారు కూడా దయచేసి చదవండి. ఇందులో మీ ఇంటి ట్రంకుపెట్టె అడుగున పడివున్న పాత నెగటివుల సంగతి కూడా ఉంది.

మీడియం ఫార్మాట్ అంటే ఏమిటి?

పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఒకప్పుడు మనం వాడిన రీలు 35 మిల్లీమీటర్లది. దానిలో ఒక్కో బొమ్మ 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు ఉంటుంది. మీడియం ఫార్మాట్ కెమెరాలో వాడే రీలును 120 రీలు అంటారు. కొడాక్ కంపెనీ దాన్ని 1901లో తెచ్చింది. నూటపాతికేళ్ళ నాటి ఆ కొలతలతోనే ఇప్పటికీ తయారవుతున్నది. డబ్బీ ఉండదు, నల్లకాగితం వెనుక ఆనించి, చిన్న కండె మీద చుట్టి ఉంటుంది. కెమెరాలో ఎక్కించేటప్పుడు చెట్టునీడనో, అదీ లేకపోతే మన నీడనో చూసుకోవాలి.

నా దగ్గర ఉన్నది యాషికా మ్యాట్ 124జి. 1993లో బెంగుళూరులో పాతది కొన్నాను. ముందువైపు ఒకదాని మీద ఒకటిగా రెండు కటకాలు ఉంటాయి. పైదానితో చూడడం, కింది దానితో తీయడం. కెమెరాను కంటి దగ్గర పెట్టుకోనక్కరలేదు. రొమ్ముకు ఆనించుకుని, తల వంచి, బావిలోకి తొంగి చూసినట్టు పైనుంచి గాజుపలక మీద బొమ్మ చూడాలి. ఆ బొమ్మలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. అలవాటు పడడానికి నాకు రెండు రీళ్ళు పట్టింది. ఒక రీలులో పన్నెండు చదరపు బొమ్మలు, ఒక్కొక్కటి సుమారు 56 మి.మీ. పొడవు, అంతే వెడల్పు. లెక్కవేస్తే చిన్న రీలు బొమ్మకు మూడున్నర రెట్లకు పైగా వైశాల్యం. గోడంత పెద్దదిగా వేయించినా కొండ మీద ఒక్కో బండా, బండ సందున మొలిచిన సీతాఫలం పొదా విడివిడిగా తెలుస్తాయి.

మా అన్నయ్య కొడుకు సెలవుల్లో వచ్చినప్పుడు, "చిన్నాయనా, ఫోనుతో నిమిషానికి యాభై తీస్తాను గదా, నీకీ తిప్పలెందుకు?" అన్నాడు. "యాభై తియ్యప్పా, రేపు అందులో ఏదొకటి చూపించు" అన్నాను. మరునాడు ఏదేది ఎక్కడ తీశాడో వాడికే గుర్తులేదు. ఫోను మీద నాకు కోపమేమీ లేదు. కానీ పన్నెండే ఉన్నాయని తెలిసినప్పుడు మనిషి నిలబడి చూస్తాడు. ఎండ కొండ మీద ఎక్కడిదాకా దిగింది, మబ్బు ఎప్పుడు జరుగుతుంది, ఈ బొమ్మ అసలు అవసరమా అని ఆలోచిస్తాడు. నేను ఒక ఉదయమంతా తిరిగి మూడే బొమ్మలు తీసిన రోజులున్నాయి.

గీత కనిపించని సరిహద్దు

దూరప్రాంతాల్లో పెరుగుతున్న మన పిల్లల కోసం ఈ జిల్లా కథ రెండు మాటల్లో చెప్పాలి. 1800లో నిజాం ఇంగ్లీషువారికి వదులుకున్న దత్తమండలాల్లో బళ్ళారి ఒకటి. ఆ తరువాత నూటయాభై ఏళ్ళకు పైగా మద్రాసు ప్రభుత్వం కిందనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా ఎటు చేరాలన్నది జస్టిస్ మిశ్రా విచారణ దాకా నడిచి, చివరికి అదీ మైసూరులోనే చేరింది. తెలుగు నాటకరంగంలో మహానటుడు రాఘవ ఇంటిపేరులా ఊరిపేరు మోసినది ఇక్కడినుంచే. ఇప్పటికీ కూరగాయల బజారులో ఒక వాక్యం కన్నడంలో మొదలై తెలుగులో ముగుస్తుంది.

నేలకు ఈ పంపకాలేవీ తెలియవు. హగరి అని మనం పిలిచే వేదవతి ఇసుకపాయలు దాటి తూర్పుకు వెళ్తే అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప. ఆలూరు వైపు పొలంగట్టు మీద నిలబడి తీసిన బొమ్మనూ, ఇటు మోకా దగ్గర తీసిన బొమ్మనూ పక్కపక్కన పెడితే ఏది ఏ రాష్ట్రమో నేను రాసిపెట్టుకున్న పుస్తకం చూస్తే తప్ప నాకే తెలియదు.

తీయడానికి మాత్రం ఎంత వైవిధ్యమో! ఊరి నడుమ కోటకొండ ఉంది. బండలన్నీ ఒకదానిపై ఒకటి పేర్చినట్టుంటాయి. దాని ఎదుట కుంబార గుడ్డ. ఒక దిక్కునుంచి చూస్తే పడుకున్న మనిషి ముఖంలా కనిపిస్తుంది. హైదరాలీ కాలంలో కోట బాగుచేసిన ఫ్రెంచి ఇంజనీరు, ఈ రెండో కొండ కోటకంటే ఎత్తని చూసుకోనందుకు ఉరికంబం ఎక్కాడని మా ఊళ్ళో కథ చెబుతారు. ఊరి చేరువలోనే సంగనకల్లు కొండలు. నవీన శిలాయుగం మనుషులు రాతిగొడ్డళ్ళు చేసుకున్న చోటు. హొసపేట దారిలో కుడితిని దగ్గర బూడిదదిబ్బ ఉంది. ఇలాంటి దిబ్బలను రాక్షసుల చితులని పెద్దలు చెప్పేవారు. వేల ఏళ్ళ కిందట పశువులను మేపుకున్న జనం పేడ పోగుచేసి తగలబెట్టగా ఏర్పడినవని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇంకా పడమటికి పోతే సండూరు కొండలు. ఎర్రటి ఇనుపరాయి, వానాకాలం వస్తే దాని మీద పచ్చని తివాచీ, కొండలను చీల్చుకుని గండిలోంచి వచ్చే నారిహళ్ళ వాగు, పైన కుమారస్వామి గుడి.

మన ఎండకు తగిన లెక్క

రంగుల ఫిల్ములో రెండు రకాలు. స్లైడు ఫిల్ములో బొమ్మ నేరుగా రంగుల్లో వస్తుంది. వెలుతురు లెక్క అర స్టాపు తప్పినా క్షమించదు. నెగటివు ఫిల్ము ఓపికగలది. కాస్త వెలుతురు ఎక్కువైనా సర్దుకుంటుంది. 1990లో ఫ్యూజీ కంపెనీ వెల్వియా అనే స్లైడు ఫిల్ము తెచ్చినప్పుడు ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్ళంతా దానికి దాసులయ్యారు. కొండ ప్రాంతాల ఆకుపచ్చకు అది అద్భుతమే. కాని మన సండూరు ఎర్రమట్టి మీద ప్రయోగిస్తే కుంకుమ పోసినట్టు వస్తుంది. ఉన్న రంగు ఉన్నట్టు కావాలంటే నాకు నెగటివు ఫిల్మే నచ్చింది. ఈ రోజుల్లో కొడాక్ పోర్‌ట్రా 160 వాడుతున్నాను. ఎక్‌టార్ 100 సన్నని రేణువుది, బాగానే ఉంటుంది గాని ఎరుపును కొంచెం రెచ్చగొడుతుంది.

లైట్ మీటరు లేనివారికి పాత సూత్రం ఒకటుంది. నిండు ఎండలో ఎపర్చరు ఎఫ్/16 దగ్గర పెట్టి, షట్టరును ఫిల్ము వేగమెంతో అంతలో ఒకటో వంతు సెకనుకు దగ్గరగా పెట్టాలి. 100 వేగం ఫిల్ముకు 1/125 సెకను అన్నమాట. నెగటివు ఫిల్ము అయితే నేను దీనికి రెట్టింపు వెలుతురు ఇస్తాను. మన బండల నీడలు చాలా నల్లగా ఉంటాయి. వాటిలో వివరం రావాలంటే ఆ దానం చేయక తప్పదు. స్లైడు ఫిల్ము అయితే ఇందుకు విరుద్ధంగా వెలుతురు పడే బండను చూసి కొలవాలి.

అన్నిటికంటే ముఖ్యం వేళ. మార్చి నుంచి మే దాకా మన ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. పొద్దున ఎనిమిది దాటితే కెమెరా సంచిలో పెట్టేయడం మంచిది. జూను నుంచి మబ్బులు విరుగుతూ కలుస్తూ ఉండే నెలలు, ఆ తరువాత సెప్టెంబరు, అక్టోబరు వానలు కడిగి వెళ్ళిన వారం, ఇవే మన పంటకాలం. వాన వెలిసిన మర్నాడు సండూరు లోయలో గాలి ఎంత శుభ్రంగా ఉంటుందంటే పది మైళ్ళ అవతలి గట్టు అంచు కూడా కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. డిసెంబరులో ఎండ వాలుగా పడుతుంది కనుక కోటకొండ బండల గుండ్రదనం తెలుస్తుంది.

స్టాండు లేకుండా తీయవద్దు. బొమ్మ ముందునుంచి దూరందాకా స్పష్టంగా రావాలంటే ఎఫ్/16, ఎఫ్/22 వాడాలి. అప్పుడు షట్టరు నెమ్మదిస్తుంది, చేయి వణుకు తెలిసిపోతుంది. వేసవిలో ఫిల్మును ఫ్రిజ్‌లో, ఊరగాయ సీసాల పక్కనే గట్టి డబ్బాలో ఉంచండి. వాడబోయే ముందు పూట తీసి, మామూలు వేడికి వచ్చాకే డబ్బా మూత తెరవండి. ఎండలో ఆపిన కారులో మాత్రం ఎన్నడూ వదలకండి.

గ్రీన్‌లా చూపిన దారి

ఈ పని ఎందుకు చేయాలన్నదానికి నేను చెప్పే ఉదాహరణ మన హంపీలోనే ఉంది. 1856లో మద్రాసు సైన్యంలో పనిచేస్తున్న అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే అధికారి పెద్ద పెట్టె కెమెరాతో హంపీ శిథిలాలను తీశాడు. అప్పటికి గాజుపలకల పద్ధతి వచ్చినా, ఆయన మైనం పట్టించిన కాగితాన్నే నెగటివుగా వాడాడు. ఒక్కో కాగితం ఇంచుమించు గోడ క్యాలెండరంత. ఆ వేడిలో, ఆ రోడ్లమీద, మందులూ కాగితాలూ బండ్లకెత్తి తీసుకువెళ్ళడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఆ నెగటివులు చాలాకాలం మరుగున పడి, ఇరవయ్యో శతాబ్దం చివరలో మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు, గ్రీన్‌లా స్టాండు పెట్టిన చోట్లను వెదికి పట్టుకుని అవే దృశ్యాలను మళ్ళీ తీశాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే నూటఇరవై ఏడేళ్ళ కాలం కళ్ళ ముందు నిలుస్తుంది.

ఒక్క సంగతి చెబుతాను. విఠ్ఠలాలయం ముందున్న ఏకశిలా రథాన్ని మనమంతా చూశాం. 2017 నుంచి వస్తున్న కొత్త యాభై రూపాయల నోటు మీద కూడా అదే ఉంది. నిజానికి అది ఒకే రాయి కాదు, చాలా రాళ్ళు అతుకు తెలియకుండా అమర్చినది. ఆ రథం మీద ఒకప్పుడు ఇటుకలతో కట్టిన గోపురం ఉండేది. అది గ్రీన్‌లా బొమ్మలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తరువాతి కాలంలో దాన్ని తొలగించారు. ఆ కాగితపు నెగటివు మిగలకపోతే, నోటు మీద మనం చూసే రూపమే మొదటినుంచీ ఉన్నదని మనమంతా నమ్మేవాళ్ళం. గ్రీన్‌లా తన బొమ్మ ఇందుకు పనికివస్తుందని తీసి ఉండడు. ఎదుట ఉన్నదాన్ని శ్రద్ధగా, పెద్ద నెగటివు మీద, తేరపార చూసి తీశాడు. అంతే.

కొండ ఎక్కడికి పోతుంది?

1994 వానాకాలంలో సండూరు దారిలో ఒక మలుపు దగ్గర స్టాండు నిలబెట్టాను. గొర్రెలు కాసే పెద్దాయన ఒకరు వచ్చి చాలాసేపు చూసి, "ఏంది సార్ తీస్తాండారు?" అన్నాడు. కొండను తీస్తున్నానన్నాను. "కొండకు బొమ్మ ఎందుకు సార్, అది యాడికి పోతాది?" అని నవ్వి గొర్రెల వెంట వెళ్ళిపోయాడు.

2009లో అదే మలుపులో అదే కెమెరా నిలబెట్టాను. ఆ రోజు మోటారు సైకిలు మీద పోతున్న ఒక కుర్రవాడు ఆగి, స్టాండు చూసి, "సర్వేకి వచ్చినారా సార్? ఈ కొండ గూడా తీసేస్తారా?" అని అడిగాడు. "లేదప్పా, బొమ్మ తీసుకుందామని వచ్చినా" అంటే నమ్మలేదు.

ఆ పదిహేనేళ్ళ మధ్య ఏం జరిగిందో పత్రికలు చదివేవారికి చెప్పనక్కరలేదు. చైనాలో ఉక్కు గిరాకీ పెరగడంతో మన ఇనుపరాతికి రెక్కలొచ్చాయి. లారీల వరుసలు, ఎర్రబారిన చింతచెట్లు, ఎర్రబారిన ఇళ్ళ గోడలు. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు గుర్తులే గనుల వల్ల చెదిరిపోయాయన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, సర్వే ఆఫ్ ఇండియా మళ్ళీ కొలవవలసి వచ్చింది. 2011 జూలైలో కర్ణాటక లోకాయుక్త నివేదిక వచ్చింది. అదే నెలలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప గనుల తవ్వకాన్ని నిలిపివేసింది. తరువాత కొన్నింటిని షరతులతో అనుమతించి, 2013లో జిల్లాకు ఏడాదికి 2 కోట్ల 50 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. 2022లో దాన్ని 3 కోట్ల 50 లక్షలకు పెంచింది.

గనులవల్ల బతికిన కుటుంబాలు నాకు తెలుసు. మా బ్యాంకులో లారీలకు అప్పు తీసుకుని పిల్లలను చదివించుకున్నవారున్నారు. 2011లో పని ఆగినప్పుడు ఆ లారీలు ఇంటి ముందు నిలిచిపోయి కంతులు కట్టలేక బాధపడినవారూ వాళ్ళే. అందుచేత తీర్పులు చెప్పడం నా పని కాదు. నా దగ్గర ఉన్నవి రెండు నెగటివులు. 1994 నాటి దాంట్లో గట్టు అంచు ఏనుగు వీపులా సాగి ఉంటుంది. 2009 నాటి దాంట్లో ఆ వీపు మెట్లు మెట్లుగా తెగి ఉంటుంది. మొన్న మొన్న, అనుమతి ఉన్న రోడ్డుమీదనే నిలబడి, మూడోది తీశాను. కొన్ని మెట్ల మీద గడ్డీ తుప్పలూ వచ్చాయి. అంచు మాత్రం మళ్ళీ రాలేదు. పెద్ద నెగటివు కనుక ఒక్కో మెట్టూ లెక్కపెట్టవచ్చు. మూడూ కలిపి వేయించి మా వీధి పిల్లలకు చూపిస్తే, మొదటిది వేరే ఊరి కొండ అనుకున్నారు.

ఖర్చు, కష్టం

ఇది చవకైన సరదా కాదు. ఈ రోజున ఒక రంగుల 120 రీలు వెయ్యి రూపాయలు దాటింది. కడిగించడం, స్కాను చేయించడం, కొరియరు కలుపుకుంటే ఒక్కో బొమ్మకు వందకు పైనే పడుతుంది. ఒకప్పుడు జిల్లా కేంద్రంలోనే కలర్ ల్యాబులుండేవి. ఇప్పుడు నా రీళ్ళు పెద్ద నగరాలకు పంపవలసివస్తున్నది. సి-41 అనే ఆ కడిగే పద్ధతిలో మొదటి మందు సుమారు 38 డిగ్రీల వేడిలో మూడుంపావు నిమిషాలు, అర డిగ్రీ తేడా కూడా లేకుండా ఉండాలి. శ్రద్ధలేని చోట ఇస్తే మూడుగంటల నిరీక్షణ అంతా గీతలు పడి తిరిగివస్తుంది. ఒక చోట నాకు అలాగే జరిగింది. అప్పటినుంచి కొత్త ల్యాబుకు ముందుగా ఒక మామూలు రీలు పంపి చూస్తున్నాను.

ఏడాదికి నాలుగైదు రీళ్ళు మించి నేను వాడను. యాభై, అరవై బొమ్మలు, నాకు చాలు. ప్రతి బొమ్మకూ చిన్న పుస్తకంలో తేదీ, వేళ, నిలబడిన చోటు, చూసిన దిక్కు రాసుకుంటాను. ఆ రాత లేకపోతే ఎంత మంచి బొమ్మ అయినా కొన్నాళ్ళకు ఊరూ పేరూ లేనిదవుతుంది.

మీ పెట్టె తీసి చూడండి

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. "మాకు యాషికాలూ లేవు, సండూరు పోయే వీలూ లేదు" అని మీరనవచ్చు. కాని మీ తాతగారో మేనమామగారో వాడిన అగ్ఫా క్లిక్-3 కెమెరా గుర్తుందా? వెనుక ఎర్రని కిటికీలో అంకె చూస్తూ రీలు తిప్పేవాళ్ళం. బరోడాలో తయారై మన దేశమంతటా ఇల్లిల్లూ తిరిగిన ఆ నల్ల డబ్బా కెమెరా కూడా 120 రీలుదే. అంటే మీడియం ఫార్మాట్ నెగటివులు మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నాయన్నమాట. అత్తయ్య పెళ్ళినాటి గుంపు వెనుక మీ ఊరి చెరువుగట్టు ఉంటుంది. అన్నప్రాశన బొమ్మ వెనుక ఇప్పుడు లేని రావిచెట్టు ఉంటుంది. చిన్న ముద్రలో కనబడనివి ఆ నెగటివులో ఉంటాయి.

బిస్కెట్ డబ్బాలో చుట్టి పెట్టినవాటిని బయటికి తీయండి. అంచులు పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టవద్దు. ప్లాస్టిక్ ఆల్బముల్లో కాకుండా నెగటివుల కోసమే అమ్మే పల్చని సంచుల్లో పెట్టి, తేమ తగలని బీరువాలో ఉంచండి. రంగుల ముద్రలు ఏళ్ళు గడిచేకొద్దీ ఎర్రబారి వెలసిపోతాయి; నెగటివు బాగుంటే మళ్ళీ మంచి బొమ్మ తీసుకోవచ్చు. వీలైనంత త్వరగా స్కాను చేయించండి. చేయించాక కూడా నెగటివును పారేయకండి. అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని, ఇది ఏ ఊరు, ఏ దిక్కు, ఏ సంవత్సరం అని అడిగి రాసుకోండి. ఫిల్ము మరో యాభై ఏళ్ళు ఆగుతుంది, చెప్పేవాళ్ళు ఆగరు.

ఈసారి సెలవులకు మీ ఊరు వెళ్ళినప్పుడు ఆ పాత బొమ్మ ఒకటి వెంట తీసుకువెళ్ళండి. అదే చోట నిలబడి మళ్ళీ తీయండి, ఫోనుతోనైనా సరే. పిల్లలను పక్కన ఉంచుకుని, ఏది ఉంది, ఏది లేదు అని వాళ్ళచేతనే వెదికించండి. ఆ రెండు బొమ్మలూ వివరాలతో సహా మన పత్రికకు పంపితే మిగతా కుటుంబాలు కూడా చూసి సంతోషిస్తాయి. బళ్ళారి వైపు ఎవరైనా వస్తే, వాన వెలిసిన మర్నాడు రండి. సండూరు మలుపు దగ్గరికి నేనే తీసుకువెళ్తాను.